ఎనిమిది సెంటీమీటర్లకో స్టేషన్

భీమిలి ఎర్రమట్టి దిబ్బలు చూసొచ్చిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది: "ఎడారి ఇసుక కాళ్లు బొబ్బలెక్కేంత కాలుతుంది కదా, అందులో పురుగులు ఎలా బతుకుతాయండీ?"

మన దిబ్బలు ఎడారివి కావు. కానీ కాలిఫోర్నియా ఆగ్నేయ మూలన ఉన్న అల్గోడోన్స్ ఇసుక దిబ్బల్లో అచ్చంగా అలా బతికే పెంకుపురుగు ఒకటుంది. పేరు సూడోకొటాల్పా ఆండ్రూసీ, 1971లో పెట్టారు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. పేడపురుగులకు చుట్టమే గానీ ఉండలు దొర్లించే రకం కాదు.

పగలంతా ఇది ఇసుకలోనే ఉంటుంది. "ఇసుక త్వరగా వేడెక్కి, త్వరగా చల్లారుతుంది" అని సముద్రపు గాలి పాఠంలో చెప్పి వదిలేస్తాం. అది పైపొర సంగతి మాత్రమే!

ఇసుక రేణువులు ఒకదాన్నొకటి చిన్న బిందువుల దగ్గరే తాకుతాయి, మధ్యలో అంతా గాలి. అందుకే వేడి లోపలికి పాసింజరు బండిలా వెళుతుంది. పొడి ఇసుక ఉష్ణ విసరణ గుణకం, అంటే వేడి అందులో ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే అంకె, సెకనుకు సుమారు 0.24 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని రెట్టింపు చేసి, రోజు తాలూకు కోణీయ పౌనఃపున్యంతో (2πని రోజులోని సెకన్లతో భాగిస్తే వచ్చేది) భాగించి, వర్గమూలం తీస్తే 8 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 8 సెంటీమీటర్లకో స్టేషన్ అన్నమాట. పగటికీ రాత్రికీ ఉండే వేడి తేడానే ప్రయాణికులు అనుకోండి. బయలుదేరినప్పుడు బండిలో 100 మంది ఉంటే మొదటి స్టేషన్ దాటేసరికి 37 మంది, రెండోదానికి 14, మూడోదానికి 5 మందే మిగులుతారు. పైగా స్టేషన్‌కి దాదాపు 4 గంటలు లేటు. ఉపరితలం మీద పగటికీ రాత్రికీ 40 డిగ్రీల తేడా ఉన్నా, 24 సెంటీమీటర్ల లోతున అది 2 డిగ్రీలే. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ అక్కడికి చేరేది అర్ధరాత్రి దాటాక! రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా జానెడు లోతులో ఆ హడావిడి ఉండదు. టీచర్లు స్కూలు ఆవరణలో ఇసుక కుప్ప పోసి, థర్మామీటరు పాతి పిల్లలచేత చూపించొచ్చు.

ఇక నీళ్లు. వాన పడితే లోపలికి ఇంకుతుంది. పైపొర ఎండగానే కేశనాళికల దారి, అంటే రేణువుల మధ్య నీటిని పైకి లాగే సన్నని సందుల దారి, తెగిపోతుంది, ఆ తర్వాత తడి ఆవిరిగా మాత్రమే మెల్లగా బయటపడాలి. అందుకే పొడి ఇసుక కింద తడి చాలాకాలం నిలుస్తుంది. మన పురుగు కూర్చునేది ఈ పొడీ తడీ కలిసే సరిహద్దులోనే. వసంతకాలంలో సాయంత్రం చీకటిపడేవేళ పైకొచ్చి, క్రియోసోట్ అనే ఎడారి పొదల చుట్టూ ఎగిరి జతకట్టి, మళ్లీ ఇసుకలోకి దిగిపోతుంది.

ఆ దిబ్బల మీద సరదాగా బళ్లు నడిపేవాళ్లు చాలామంది. పురుగు చక్రం కింద పడటమే కాదు భయం. చక్రాలు పైపొరను తిరగేస్తే కింది తడి ఇసుక ఎండలో పడి ఆరిపోతుంది.