అంబాసిడరా, పద్మినీయా: పోలికలో దొర్లే అపోహలు

పోల్చే ముందు ఏ అంబాసిడరో తేల్చుకోవాలి. 1990లలో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిను, అయిదు గేర్ల బండిని పద్మిని పక్కన నిలబెడితే అది పోటీయే కాదు. ఇక్కడి లెక్కలన్నీ అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోలు ఇంజినుకీ, పద్మినిలోని 1089 సీసీ ఫియట్ ఇంజినుకీ చెందినవి.

అపోహ: సీసీ ఎక్కువ కాబట్టి అంబాసిడరే చురుకు.

వాస్తవం: అంబాసిడర్‌ది సుమారు 50 బీహెచ్‌పీ, బరువు సుమారు 1100 కిలోలు. పద్మినిది 40 బీహెచ్‌పీ, 895 కిలోలు. టన్నుకు లెక్కేస్తే రెండూ 45 బీహెచ్‌పీ దగ్గరే తేలతాయి. అసలు తేడా స్ట్రోకులో, అంటే పిస్టన్ కదిలే దూరంలో ఉంది. బీఎంసీ ఇంజిను బోర్ (సిలిండర్ వెడల్పు) 73, స్ట్రోకు 88.9 మి.మీ.; ఫియట్‌ది 68, 75. పొడవు స్ట్రోకు, పెద్ద ఇంజిను కలిసి అంబాసిడర్ తక్కువ ఆర్పీఎంలోనే లాగుతుంది, నిండా మనుషులున్నా ఊరికే గేరు దింపనక్కర్లేదు. పద్మినికి గరిష్ఠ టార్క్ (లాగే బలం) 3000 ఆర్పీఎం దగ్గర వస్తుంది. దాన్ని కాస్త తిరగనివ్వాలి. నెమ్మదిగా నడిపి "పికప్ లేదు" అనడం అన్యాయం.

రెండు పాత బళ్లను పక్కపక్కన నడిపి తీర్పు చెప్పేముందు కంప్రెషన్ చూడండి. ఇంజిను వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య పది శాతం మించి తేడా ఉంటే, తక్కువ చూపిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే లోపం పిస్టన్ రింగులది. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో.

అపోహ: అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఉంటుంది, తుప్పు పట్టినా ఏమీ కాదు.

వాస్తవం: రెండూ మోనోకాక్‌లే. బాడీయే బరువు మోస్తుంది. డోర్ల కింది సిల్ తుప్పుపడితే డోర్లు సరిగా పడవు. అంబాసిడర్‌లో ముందు టార్షన్ బార్లు ఫ్లోర్ కింది క్రాస్‌మెంబర్‌కి బిగించి ఉంటాయి, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైన పెయింటు మెరుపు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఫస్ట్ గేరు కర్రుమంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

వాస్తవం: రెండింటికీ ఫస్ట్‌లో సింక్రో (గేర్ల వేగాన్ని కలిపి సాఫీగా పడనిచ్చే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగాకే వేయాలి. సెకండ్, థర్డ్‌లో కూడా అరిస్తే అప్పుడు సింక్రో కోన్‌ని అనుమానించండి.

అపోహ: సీసం లేని పెట్రోలుతో ఈ ఇంజిన్లు ఇట్టే పాడవుతాయి.

వాస్తవం: ఎగ్జాస్ట్ వాల్వు సీటు అరిగే ప్రమాదం నిజమే, కానీ అది మెల్లగా జరుగుతుంది, ఎక్కువసేపు లోడు మీద వేగంగా నడిపే బండికే ఎక్కువ. సీటు అరిగితే వాల్వు లోపలికి దిగి టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) తగ్గుతుంది. అంటే శబ్దం పెరగదు, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. అందుకే చెవిని నమ్మొద్దు, ఆ సందును కొలిచే ఫీలర్ గేజిని నమ్మండి. ప్రతిసారీ గ్యాప్ తగ్గుతూ ఉంటేనే హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించాలి.

ఇప్పుడు నిజంగా పట్టించుకోవాల్సింది 20 శాతం ఇథనాల్ పెట్రోలును. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ మెత్తబడి పగులుతాయి. గాలి, పెట్రోలు మిశ్రమం పలచనై ఇంజిను వేడెక్కుతుంది. పద్మినిది అల్యూమినియం హెడ్ కాబట్టి మరిగితే వంగుతుంది. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు ముందు మార్చి, ప్లగ్గులు మరీ తెల్లగా కనిపిస్తే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి.