విస్బీ గోడ ఎవరికి అడ్డంగా కట్టారు?

జూన్‌లో వచ్చే నడివేసవి పండుగ మిడ్‌సమ్మర్ దగ్గరపడుతోందంటే స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపంలో రెండు మొదలవుతాయి. ఒకటి, ఆకులూ పూలూ చుట్టిన పొడవాటి స్తంభాన్ని ఊరూరా నిలబెట్టే సన్నాహం. రెండోది గొడవ. ఫెర్రీలో కారుకు చోటు దొరకడం లేదని, టికెట్ రేట్లు మండిపోతున్నాయని, విస్బీ పట్నంలో కోటగోడ లోపలి ఇళ్లను బయటివాళ్లు కొనేసి చలికాలమంతా తాళాలు వేసి పెడుతున్నారని, మాకే నీళ్లు చాలకపోతే ఇంతమందికి ఎక్కడినుంచి తేవాలని ద్వీపవాసుల గోల. మీ ఊరు బతుకుతున్నదే మా డబ్బు మీద కదా అని అవతలివాళ్ల జవాబు. ఈ జూన్‌లోనూ అదే నడుస్తోంది.

నీళ్ల మాట ఉత్తుత్తి ఫిర్యాదు కాదు. సున్నపురాయి నేల, పైన మట్టి పలుచన, పడ్డ వాన నిలవదు. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటును 2016లో హెర్విక్ దగ్గర, 2019లో క్వార్నోకెర్స్‌హామ్న్ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. ఏడాది పొడవునా ఉండే జనం సుమారు 61 వేలు. వేసవిలో వచ్చిపోయేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. స్టాక్‌హోమ్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లలో అక్కడికి వెళ్లి ఫొటోలు పెట్టేవాళ్లకు కొదవలేదు. ఆ ఫొటోల్లో గోడ తప్పక ఉంటుంది. దానిమీద ఉన్న కోపం మాత్రం కనిపించదు.

గొడవ రేగినప్పుడల్లా చరిత్ర చెప్పేవాళ్లు రెండు కథల్లో ఒకటి ఎత్తుకుంటారు. మొదటిది వైకింగుల వెండి. 1999లో స్పిల్లింగ్స్ అనే చోట పొలంలో 67 కిలోల వెండి దొరికింది, అందులో అరబ్బు నాణేలే వేల సంఖ్యలో ఉన్నాయి. ఈ సంగతి చాలామంది రాశారు, వదిలేద్దాం. రెండోది 1361. ఆ ఏడాది డెన్మార్క్ రాజు వాల్డెమార్ ఆటర్‌డాగ్ దండెత్తి వచ్చి విస్బీ గుమ్మం ముందే రైతులను ఊచకోత కోయించాడు. అదీ అందరికీ తెలిసిందే. ఆగస్టులో జరిగే మధ్యయుగ వారం వేడుకలు 1984లో మొదలైనప్పటి నుంచీ ఆ కథ అక్కడ వీధి నాటకమైపోయింది కూడా.

నా లెక్కలో అసలు మలుపు అంతకు 73 ఏళ్ల ముందే, 1288లో ఉంది. ఆ ఏడు ద్వీపంలోవాళ్లు తమలో తామే యుద్ధం చేసుకున్నారు.

అంతకుముందు గోట్లాండ్ తీరు వేరు. అక్కడ రాజు లేడు, దొరలు లేరు. రైతే వ్యాపారి. పొలం పని చూసుకుంటూనే ఓడ ఎక్కి బాల్టిక్ దాటి, రష్యా నదుల మీదుగా నొవ్‌గొరోడ్ దాకా వెళ్లి బొచ్చుతోళ్లు, మైనం తెచ్చేవాడు. నొవ్‌గొరోడ్‌లో జర్మన్లు విడిది కట్టుకోకముందే గోట్లాండ్‌వాళ్లకు సొంత విడిది, సెయింట్ ఓలాఫ్ పేరిట సొంత చర్చి ఉండేవి. ద్వీపం చుట్టూ చిన్న చిన్న రేవులు ఎన్నో ఉండేవి. తగవులు తీర్చుకోవడానికి ప్రాంతానికో సభ, అన్నిటికీ పైన రోమా అనే ఊళ్లో (ఇటలీ రోమ్ కాదు, ద్వీపం నడిబొడ్డున ఉన్న పల్లె) ఒక పెద్ద సభ. తమ చట్టాన్ని తమ భాషలోనే రాసుకున్నారు. స్వీడన్ రాజుకు ఏటా 60 మార్కుల వెండి కట్టేవాళ్లు. అది ఓడిపోయి కట్టిన కప్పం కాదనీ, మేమే ఇష్టపడి చేసుకున్న ఒప్పందమనీ వాళ్ల పాత గాథ గట్టిగా చెప్పుకుంటుంది. పల్లెల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న 92 మధ్యయుగ చర్చిలను చూస్తే ఆ రైతుల దగ్గర డబ్బు ఏపాటిదో తెలుస్తుంది. మామూలు వ్యవసాయంతో అంత చెక్కుడు రాయి, రంగుల అద్దాలు రావు.

1161లో సాక్సనీ డ్యూక్ హెన్రీ ఈ గోట్లాండ్ వ్యాపారులకు ఆర్ట్లెన్‌బుర్గ్‌లో ఒక హక్కుపత్రం ఇచ్చాడు. తన రాజ్యంలో వాళ్లకు రక్షణ, ప్రతిగా జర్మన్ వ్యాపారులకు గోట్లాండ్‌లో అదే మర్యాద. కాగితం మీద సమానమే. కానీ ఆ తలుపులోంచి జర్మన్లు వచ్చి విస్బీలో స్థిరపడ్డారు, కుటుంబాలు పెట్టారు, ప్రార్థనకు సొంత చర్చి కట్టుకున్నారు. 1225లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ మేరీ చర్చి అదే. గోడ లోపల ఒకప్పుడు ఉన్న చర్చిలలో ఈనాటికీ పైకప్పుతో ప్రార్థనలు జరుగుతున్నది అదొక్కటే, మిగతావి మొండిగోడలు. నొవ్‌గొరోడ్ జర్మన్ విడిదిలో మిగిలిన సొమ్ము ఆ చర్చిలోని పెట్టెలోకి వచ్చేది. పెట్టెకు నాలుగు తాళంచెవులు. ఒకటి విస్బీది. తక్కిన మూడూ ల్యూబెక్, సోయెస్ట్, డోర్ట్‌మండ్ అనే జర్మన్ పట్నాలవి. ద్వీపంలో ఉన్న పెట్టెను తెరవాలంటే కావలసిన తాళంచెవుల్లో మూడు బయటి పట్నాలవన్నమాట.

పట్నం పెరిగేకొద్దీ పల్లె మీద దాని చూపు మారింది. పక్క ఊరి రేవులోంచి సొంతంగా సరుకు ఎగుమతి చేసుకునే రైతు పట్నం వర్తకుడికి పోటీదారు. సరుకంతా విస్బీ మీదుగానే పోవాలి, పట్నంలో వ్యాపారం పట్నంవాళ్లే చేయాలి. అసలు తగాదా ఇదే. 13వ శతాబ్దం రెండో సగంలో పట్నం చుట్టూ గోడ లేచింది. ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్న 3.4 కిలోమీటర్ల గోడ అదే. సముద్రం వైపూ గోడ ఉంది కానీ, ఎత్తయిన బురుజులతో నిలబడ్డ పెద్ద గోడ చూసేది నేలవైపు, అంటే పల్లెల వైపు. ఆ రోజుల్లో ద్వీపం మీదికి దండెత్తే శత్రువు వస్తే సముద్రం మీద రావాలి. మరి నేలవైపు నుంచి వచ్చేది ఎవరు? బండి తోలుకుని వచ్చే రైతు.

1288లో రెండు పక్షాలకూ యుద్ధమే జరిగింది, పట్నానిది పైచేయి అయింది. స్వీడన్ రాజు మాగ్నస్ లాదులోస్ మధ్యలోకి వచ్చాడు. నా అనుమతి లేకుండా గోడా బురుజులూ కట్టారు, రైతుల మీద కత్తి ఎత్తారు అని పట్నాన్ని తప్పుపట్టాడు. పట్నం పెద్దలు తప్పు ఒప్పుకున్నారు, జరిమానా కట్టారు, ఇకమీదట విధేయంగా ఉంటామని రాసిచ్చారు. చదివితే న్యాయం రైతులకే జరిగినట్టుంటుంది. కానీ గోడను కూల్చమని రాజు అనలేదు. గోడ ఉండిపోయింది, జరిమానా రాజు ఖజానాకు పోయింది, ద్వీపం మీద రాజు మాట ముందెన్నడూ లేనంత బరువెక్కింది. అన్నదమ్ముల గట్టు తగాదాలో తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషే పొలం సగం పట్టుకుపోయినట్టయింది.

పట్నం పక్షం చెప్పేది కూడా ఉంది. హన్సా (ఉత్తర జర్మన్ వర్తక పట్నాల కూటమి) వర్తకం పెద్ద పెద్ద ఓడల మీదికి మారుతోంది, చిన్న రేవుల కాలం ఎలాగూ చెల్లింది, ఒక్క చోట గోదాములు, చట్టం, కాపలా లేకపోతే వ్యాపారం నిలవదు. నిజమే, బరువైన కాగ్ ఓడలు రైతుల లోతులేని రేవుల్లోకి రాలేవు. అయితే అదే ఓడలకు విస్బీలో ఆగే అవసరం కూడా క్రమంగా లేకుండా పోయింది. దక్షిణాన స్కోనె తీరంలో హెర్రింగ్ చేపల సంత, ల్యూనెబుర్గ్ ఉప్పు, రెండూ ల్యూబెక్ చేతిలో పడ్డాయి. 1293లో నొవ్‌గొరోడ్ విడిది తగవుల మీద పైకోర్టు హోదాను విస్బీ నుంచి ల్యూబెక్‌కు మార్చాలని హన్సా పట్నాలు తీర్మానించాయి. 1299లో గోట్లాండ్‌లోని వర్తకుల ఉమ్మడి ముద్రను వాడకూడదన్నారు. సొంత రైతులను పక్కకు నెట్టి ఎవరితో చేతులు కలిపారో, వాళ్లే పదకొండేళ్లలో విస్బీలోని ఆ ముద్రను లాక్కున్నారు.

1361ను ఈ వెలుగులో చూడాలి. జులై 27న డేన్ సైన్యం విస్బీ గోడ ముందుకు వచ్చింది. ఎదురు నిలిచినవాళ్లు పల్లెల రైతులు. చనిపోయినవారు సుమారు 1,800 మంది అని అంచనా. ఎండాకాలం కావడంతో శవాలను కవచాలతో సహా గోతుల్లో వేసి పూడ్చేశారు. 20వ శతాబ్దం మొదట్లో కోర్స్‌బెట్నింగెన్ దగ్గర తవ్వితే వెయ్యికి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో పిల్లలవీ ముసలివాళ్లవీ తక్కువేం లేవు. కవచాలు చాలావరకు అప్పటికే పాతబడ్డ మోస్తరువి. పట్నం గుమ్మం తెరుచుకోలేదు. జులై 29న తెరిచారు, గెలిచిన రాజుకు. పట్నంవాళ్ల పాత వ్యాపార హక్కులను ఆయన ఆ రోజే ఖాయం చేశాడు. మూడు పీపాల నిండా వెండి బంగారాలు పోయించుకున్నాడన్న కథను 1882లో హెల్‌క్విస్ట్ వేసిన పెద్ద చిత్రం ప్రచారం చేసింది. అందులో పట్నంవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటూ కనిపిస్తారు. ఆ చిత్రం ముందు నిలబడ్డవాళ్లకు రెండు రోజుల ముందు గోడ బయట చచ్చిపోయింది ఎవరో గుర్తు రాదు.

గుమ్మం తెరిస్తే సైన్యం కూడా లోపలికి దూరేది, పట్నమంతా బూడిదయ్యేది అని విస్బీని సమర్థించేవాళ్లు అంటారు. కాదనలేం. అయితే 1288కి ముందు గోడ ఎందుకు లేచిందో తెలిసినవాళ్లకు 1361లో అది ఎందుకు తెరుచుకోలేదో అర్థం కావడం కష్టం కాదు. ఆ తర్వాత పల్లెల్లో పెద్ద కట్టడాలు ఆగిపోయాయి. షెల్లుంగె చర్చి చూడండి. ముందుభాగాన్ని అంతెత్తున కొత్తగా కట్టారు, దానికి తగ్గ నడిమి భాగం ఇక రానేలేదు, పాత చిన్న గది అలాగే అంటుకుని ఉంది. ప్లేగు కూడా ఒక కారణమే. తర్వాతి మూడు వందల ఏళ్లలో ద్వీపం సముద్రపు దొంగల చేతికి, ట్యూటానిక్ వీరుల (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) చేతికి, డెన్మార్క్ చేతికి పోయి, 1645 ఒప్పందంతో స్వీడన్ కిందికి వచ్చింది.

ఇక మిడ్‌సమ్మర్ స్తంభం సంగతి. ఇది మా తాతముత్తాతలది, టూరిస్టుల కోసం పెట్టింది కాదు అని పల్లెలవాళ్లు అంటారు. వైకింగుల కాలం నాటిదని కొందరు ఇంకాస్త వెనక్కి లాగుతారు. అంత వెనక్కి పోదు. మధ్యయుగాల చివర్లో జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఆచారమని జానపద పరిశోధకుల అభిప్రాయం. అక్కడ మే ఒకటిన నిలిపేవాళ్లు. స్వీడన్‌లో అప్పటికి చుట్టడానికి సరిపడా ఆకులు రావు కనుక జూన్‌కు జరిపారు. పక్కనే ఉన్న డెన్మార్క్, నార్వేల్లో ఆ రాత్రి స్తంభం కాదు, మంటలు వేస్తారు. ఈ సంగతి పట్టుకుని, మీ స్తంభమూ జర్మన్లు తెచ్చిందే కదా అని పట్నంవైపువాళ్లు ఎకసెక్కం చేస్తుంటారు. తెస్తే తెచ్చారు. కొన్ని వందల ఏళ్లుగా దాన్ని నిలబెడుతున్నది ఎవరన్నది కదా ప్రశ్న. ఇప్పటికీ పల్లెల్లో ఊరి సంఘంవాళ్లే పొద్దున్నే కూడి ఆకులు కోసుకొచ్చి చుడతారు, పదిమంది కలిసి ఎత్తుతారు. ఊరగాయ హెర్రింగ్, సోయకూర వేసి ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు, దాంతోపాటు ఇంట్లో కాచుకున్న గోట్లాండ్ బీరు. ల్యూబెక్‌ను లేపి విస్బీని ముంచిన హెర్రింగే ఆ పళ్లెంలో ముందు కనిపించేది.

ఇప్పటి రద్దీకి సూటిగా సంబంధించిన తేదీ మరొకటి ఉంది: 1953. అంతకుముందు మిడ్‌సమ్మర్ జూన్ 23, 24 తేదీల్లో, ఏ వారమైతే ఆ వారం వచ్చేది. ఆ ఏడాది నుంచి పండుగ ముందురోజును 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారానికి మార్చారు. ఫ్యాక్టరీలకూ ఆఫీసులకూ సౌకర్యం. దాంతో ప్రతి ఏడూ అందరికీ ఒకేసారి మూడు రోజుల సెలవు, ఒకే గురువారం సాయంత్రం ఒకే రేవు మీద తోపులాట. పండుగ అవగానే ఆల్మెదాలెన్ రాజకీయ వారం మొదలవుతుంది. 1968లో, తర్వాత స్వీడన్ ప్రధాని అయిన ఓలోఫ్ పాల్మె ఒక లారీ మీద నిలబడి ఇచ్చిన ఉపన్యాసంతో ఆ సంప్రదాయం పుట్టింది. మంత్రులు, లాబీయిస్టులు, టీవీ కెమెరాలు దిగే ఆ పార్కు ఒకప్పుడు హన్సా ఓడలు ఆగిన రేవే. పూడిపోయి నేలయింది.

గోడ లోపల హోటళ్లవాళ్లకు ఈ రద్దీయే ఏడాది ఆదాయం. వాళ్లు ఇంకా ఎక్కువ ట్రిప్పులు కావాలంటారు. పల్లెలవాళ్లు ఆసుపత్రికో పెళ్లికో వెళ్లడానికి ఏడాది పొడవునా అందుబాటు ధరలో సీటు ఉంటే చాలంటారు, ఫెర్రీయే మా రోడ్డు అంటారు. నాకు రెండో మాటే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే చలికాలం అక్కడ ఉండేది వాళ్లే. అక్కడ ఓడలు నడుపుతున్నది 1865లో విస్బీలో పుట్టిన కంపెనీయే అయినా, రాకపోకలకు టెండరు పిలిచి షరతులు పెట్టేది ప్రధాన భూభాగంలోని రవాణా శాఖ. అందుకే ఇరుపక్షాల అర్జీలూ ఈసారి కూడా ఫెర్రీ ఎక్కి అటే వెళ్తున్నాయి.