ఒకే విమానం, వేరువేరు పతకాలు: రాత్రి యుద్ధ పైలట్ల గౌరవాల వెనక చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన రాత్రి యుద్ధ విమానం బ్యూఫైటర్‌లో ఇద్దరు ఉండేవారు. ముందు పైలట్, వెనక రాడార్ ఆపరేటర్. చీకట్లో శత్రువును వెతికి పట్టేది వెనక మనిషి, తుపాకుల మీట నొక్కేది ముందు మనిషి. విమానం కూలితే ఇద్దరికీ ఒకే గతి. అయినా తిరిగొచ్చాక అందుకునే పతకాలు మాత్రం చేసిన పనితో పాటు భుజం మీది హోదాను బట్టి కూడా మారేవి. ఈ తేడాను 1993లో గానీ తీసెయ్యలేదు. అందుకే ఆ కాలపు రాత్రి పైలట్ల పతకాల వరుసను చూసి వాళ్ల సేవను అంచనా వేయబోయేవారు తరచు తప్పులో కాలేస్తారు.

ఇందుకు మంచి ఉదాహరణ జాన్ కన్నింగ్‌హామ్, జిమ్మీ రాన్స్‌లీ జంట. 1917 జులై 27న పుట్టిన కన్నింగ్‌హామ్ 1935లో ఆగ్జిలరీ ఎయిర్ ఫోర్స్‌కు చెందిన 604వ స్క్వాడ్రన్‌లో చేరాడు. అంటే వారాంతాల్లో శిక్షణ పొందే స్వచ్ఛంద పైలట్. యుద్ధం ముగిసేనాటికి అతని లెక్కలో 20 శత్రు విమానాలున్నాయి. అందులో 19 రాత్రిపూట కూల్చినవే. డీఎస్‌ఓ అనే డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్, దానికి రెండు బార్లు. డీఎఫ్‌సీ అనే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్, దానికొక బార్. అమెరికా ఇచ్చిన సిల్వర్ స్టార్, సోవియట్ దేశభక్త యుద్ధ పతకం మొదటి శ్రేణి అతనికి దక్కాయి. బార్ అంటే అదే పతకం మళ్లీ వచ్చిందని రిబ్బన్ మీద తగిలించే అడ్డపట్టీ. వీటితో పాటు ఎయిర్ ఎఫిషియెన్సీ అవార్డు కూడా ఉంది. అది సాహసానికి ఇచ్చేది కాదు, స్వచ్ఛంద దళంలో దీర్ఘకాల సేవకు గుర్తు. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ, ఆ మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడో చెప్పేది అదే.

వెనక సీట్లోని రాన్స్‌లీ వరుస వేరు. డీఎఫ్‌ఎం, దానికొక బార్, ఆ తర్వాత డీఎఫ్‌సీ, చివరికి డీఎస్‌ఓ. డీఎఫ్‌ఎం అంటే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్. దీన్నీ, డీఎఫ్‌సీనీ 1918 జూన్ 3న ఒకేరోజు నెలకొల్పారు. రెండింటికీ కావాల్సిన అర్హత ఒకటే: శత్రువుతో తలపడుతూ గాలిలో చూపిన ధైర్యం. కాకపోతే డీఎఫ్‌సీ ఆఫీసర్లకూ వారంట్ ఆఫీసర్లకూ, డీఎఫ్‌ఎం ఫ్లైట్ సార్జెంట్, అంతకన్నా కింది హోదాల వారికీ. ఒకటి శిలువ ఆకారపు వెండి, రెండోది కోలగా ఉండే వెండి బిళ్ల. రిబ్బన్ మీద తెలుపు, ఊదా ఏటవాలు చారలు రెండింటికీ ఉన్నాయి. క్రాస్ చార వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, మెడల్ చార పదహారో వంతు. సరిగ్గా సగం. హోదాలోని తేడాను బట్ట మీద కూడా నేసి పెట్టారు.

రాన్స్‌లీ వరుసలో మెడల్ తర్వాత క్రాస్ రావడానికి కారణం మధ్యలో అతను ఆఫీసర్ కావడమే. చేస్తున్న పని మారలేదు, అదే విమానం, అదే వెనక సీటు. ఇంకో సంగతి. ఆ యుద్ధంలో 20,000కు పైగా డీఎఫ్‌సీలు ఇస్తే, డీఎఫ్‌ఎంలు 6,637 మాత్రమే. డీఎఫ్‌ఎంకు మొదటి బార్ దక్కినవారు 60 మంది. రాన్స్‌లీ బార్ ఆ 60లో ఒకటి. హోదా తక్కువ పతకం కాబట్టి విలువా తక్కువే అనుకుంటే ఇక్కడే దెబ్బతింటాం.

ఇంతకీ ఆ సేవ ఏమిటి? 1940 వేసవిలో బ్రిటన్ దగ్గర రాత్రి రక్షణ దాదాపు లేనట్టే. తీరం వెంట ఉన్న రాడార్ స్తంభాలు సముద్రం వైపే చూసేవి. తీరం దాటి లోపలికొచ్చిన బాంబర్ ఎక్కడుందో నేల మీది పరిశీలకులు చూసీ, వినీ చెప్పాలి. రాత్రి, అందులోనూ మబ్బుల పైన, అది గుడ్డి లెక్కే. విమానంలోనే పెట్టే చిన్న రాడార్‌ను అప్పుడు ఏఐ అనేవారు, ఎయిర్‌బోర్న్ ఇంటర్‌సెప్షన్‌కు పొట్టి పేరు. దానితో తొలి విజయం 1940 జులై 22-23 రాత్రి ఫైటర్ ఇంటర్‌సెప్షన్ యూనిట్‌కు చెందిన బ్లెన్‌హైమ్ విమానానికి దక్కింది. కానీ బ్లెన్‌హైమ్ నెమ్మది, చాలాసార్లు బాంబరే దాన్ని దాటిపోయేది. బ్యూఫైటర్ వచ్చాక పరిస్థితి మారింది. నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, ఆరు మెషీన్‌గన్‌లు, తగినంత వేగం. 1940 నవంబరు 19-20 రాత్రి కన్నింగ్‌హామ్ యుంకర్స్ 88 అనే జర్మన్ బాంబర్‌ను కూల్చాడు. ఏఐ రాడార్ ఉన్న బ్యూఫైటర్‌కు అదే తొలి గెలుపు. ఆ రాత్రి వెనక సీట్లో ఉన్నది రాన్స్‌లీ కాదు, సార్జెంట్ ఫిలిప్సన్. ఈ వివరం చాలా కథనాల్లో తారుమారవుతుంటుంది.

ఆనాటి ఏఐ రాడార్‌లో మార్క్ 4 అనే రకానికి రెండు చిన్న గుండ్రటి తెరలుండేవి. ఒకదానిలో నిలువు గీత. దానికి ఎడమా కుడీ మచ్చలు మొలుస్తాయి, ఏ వైపు మచ్చ పెద్దదైతే శత్రువు ఆ వైపు. రెండోదానిలో అడ్డ గీత, పైనా కిందా మచ్చలు, అది ఎత్తు చెబుతుంది. గీత మీద మచ్చ ఎంత దూరాన ఉందో దాన్ని బట్టి మధ్య దూరం. ఆపరేటర్ ఈ రెండు తెరల్ని చూస్తూ, తలలో లెక్క కట్టి, ‘ఎడమకు, ఇంకాస్త, నిలుపు, వేగం తగ్గించు’ అని ఇంటర్‌కమ్‌లో చెబుతూనే ఉండాలి. పైలట్‌కు ఏమీ కనపడదు, ఆ గొంతు తప్ప.

ఇక్కడ రెండు హద్దులున్నాయి, పతకాల కథంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. మొదటిది గరిష్ఠ దూరం. రాడార్ తరంగం కింద నేలకు కొట్టుకుని తిరిగొచ్చి తెరను కమ్మేస్తుంది. అందుకే విమానం ఎంత ఎత్తులో ఉంటే దాదాపు అంత దూరం వరకే చూడగలదు. 15,000 అడుగుల ఎత్తులో సుమారు నాలుగున్నర కిలోమీటర్లు. సముద్రంలో మైన్లు వేయడానికి 2,000 అడుగుల్లో వచ్చే విమానం మీద అయితే ఆరొందల మీటర్లే, అంటే దాదాపు చేతులెత్తేయడమే. రెండోది కనిష్ఠ దూరం. బాగా శ్రుతి చేసిన సెట్‌లో కూడా సుమారు 400 అడుగుల లోపలికి వస్తే మచ్చ మాయమవుతుంది. సెట్ సరిగా లేకపోతే అంతకు ముందే పోతుంది. చంద్రుడు లేని రాత్రి కంటికి బాంబర్ ఆనేది కొన్ని వందల అడుగుల్లోనే. రాడార్ వదిలేసే చోటుకూ కన్ను పట్టే చోటుకూ మధ్య సందు వస్తే వేట చేజారినట్టే. వేగం ఎక్కువై ముందుకు దూసుకుపోతే వెనక గన్నర్‌కు మనమే గురి అవుతాం. ఏరియల్స్ కాస్త పక్కకు తిరిగినా, తేమ చేరినా మచ్చ అబద్ధం చెబుతుంది.

ఆ నాలుగైదు కిలోమీటర్ల లోపలికి చేర్చే పని నేల మీది కంట్రోలర్‌ది. 1940 అక్టోబరులో డరింగ్టన్‌లో, ఆ తర్వాత సోప్లీ వంటి చోట్ల పెట్టిన కొత్త రాడార్ కేంద్రాల్లో గుండ్రటి తెర మీద బాంబరూ మన విమానమూ ఒకేసారి కనిపించేవి. బాంబర్ వెనక, కొంచెం కింద, అదే దిశలో మనవాడిని నిలబెట్టడం కంట్రోలర్ నేర్పు. కింది నుంచి చూస్తే ఆకాశం వెలుతురుకు అడ్డంగా నల్లటి ఆకారం ఆనుతుంది, పై నుంచి చూస్తే చీకటి నేలలో కలిసిపోతుంది. అందుకే ఎప్పుడూ కింది నుంచే. ఒక కంట్రోలర్ ఒకసారి ఒక్క వేటే నడపగలడు. వందల విమానాలొచ్చిన రాత్రి కూల్చినవాటి లెక్కలు తక్కువగా ఉండటానికి అదొక పెద్ద కారణం.

కాల్పులు మొదలయ్యాక కూడా వెనక మనిషికి విశ్రాంతి లేదు. తొలి బ్యూఫైటర్‌లలో ఫిరంగికి 60 గుండ్ల డ్రమ్ము, ఆరు సెకన్లలో ఖాళీ. ఒక్కోటీ సుమారు 27 కిలోల డ్రమ్ముల్ని, విమానం మెలికలు తిరుగుతుంటే, చీకట్లో అతనే ఎత్తి మార్చాలి. బెల్టు పద్ధతి వచ్చాక గానీ ఆ బాధ తప్పలేదు.

ఇవేవీ పతకాల ప్రకటనల్లో ఉండేవి కావు, రాడార్ రహస్యం కాబట్టి. పత్రికలకు మాత్రం ఏదో కథ కావాలి. కన్నింగ్‌హామ్‌కు ‘పిల్లి కళ్లు’ అని పేరు పెట్టి, క్యారెట్లు బాగా తినడం వల్లే చీకట్లో చూడగలుగుతున్నాడని ప్రచారం చేశారు. క్యారెట్ తింటే చూపు పెరుగుతుందని మన ఇళ్లలో పిల్లలకు చెప్పే మాటకు కూడా ఆ ప్రచారం ఎంతో బలమిచ్చింది. విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది, నిజమే. లోపం లేనివాడు ఎన్ని తిన్నా రాత్రి చూపు పెరగదు. పైలట్లు నిజంగా చేసింది వేరు. ఎగిరే ముందు అరగంట చీకట్లోనో ఎర్ర అద్దాలు పెట్టుకునో కళ్లను సిద్ధం చేసుకోవడం, చూడాల్సిన చోటుకు సూటిగా కాక కాస్త పక్కకు చూడటం. కంటి నడిమి భాగం చీకట్లో సరిగా పనిచెయ్యదు. ఈ కట్టుకథ వల్ల నష్టపోయింది వెనక సీటే. పైలట్ కళ్లే గొప్పవైతే ఆపరేటర్ ఎందుకని జనం అడగరు కదా.

హోదా తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది మన దేశంలో, కలకత్తా ఆకాశంలో. విశాఖపట్నం, కాకినాడల మీద 1942 ఏప్రిల్ 6న పడ్డ జపాన్ బాంబులు ఓడ మీది నుంచి లేచిన విమానాలు పట్టపగలు వేసినవి. కలకత్తాకు మాత్రం 1942 డిసెంబరు 20 నుంచి రాత్రి దాడులు మొదలయ్యాయి. రాడార్ లేని హరికేన్ యుద్ధ విమానాలు రాత్రిళ్లు చెయ్యగలిగింది కొద్దే. మధ్యప్రాచ్యం నుంచి 89వ స్క్వాడ్రన్ బ్యూఫైటర్‌లను రప్పించి, 1943 జనవరి 14న డమ్‌డమ్‌లో 176వ స్క్వాడ్రన్ ఏర్పాటు చేశారు. మర్నాటి రాత్రే ఫ్లైట్ సార్జెంట్ మారిస్ ప్రింగ్ కొద్ది నిమిషాల్లో మూడు బాంబర్లను కూల్చాడు. జనవరి 19న ఆస్ట్రేలియాకు చెందిన ఫ్లయింగ్ ఆఫీసర్ చార్లెస్ క్రాంబీ నాలుగు బాంబర్ల గుంపు మీద పడ్డాడు. కుడి ఇంజన్‌కు మంటలంటుకున్నా వెనక్కి తగ్గకుండా రెండింటిని కూల్చి, ఆపరేటర్‌ను ముందు దూకించి, తర్వాత తాను దూకాడు. ఆ తర్వాత చాలా నెలల పాటు కలకత్తా రాత్రులు ప్రశాంతంగా గడిచాయి.

క్రాంబీకి డీఎస్‌ఓ వచ్చింది, ప్రింగ్‌కు డీఎఫ్‌ఎం. మండుతున్న విమానంతో పోరాడటం అసాధారణం, క్రాంబీ గౌరవాన్ని ఎవరూ తక్కువ చెయ్యలేరు. కానీ అప్పట్లో డీఎస్‌ఓ ఆఫీసర్లకు మాత్రమే. ప్రింగ్ ఎంత చేసినా అది అతనికి రాదు. సార్జెంట్ల కోసం డీఎస్‌ఓకు సమానంగా కాన్‌స్పిక్యుయస్ గ్యాలంట్రీ మెడల్‌ను వైమానిక దళానికి విస్తరించింది 1942 నవంబరులోనే, అదీ చాలా కొద్దిమందికే ఇచ్చారు. అంతకు ముందైతే అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాస్‌కూ డీఎఫ్‌ఎంకూ నడుమ గాలి పోరాటానికి వాళ్లకు సాహస పతకమే లేదు. ఇక విక్టోరియా క్రాస్ సంగతి: బ్రిటన్ యుద్ధ విమానాల విభాగమైన ఫైటర్ కమాండ్ మొత్తానికి వచ్చింది ఒక్కటే, అది 1940 ఆగస్టులో పగటి యుద్ధంలో జేమ్స్ నికల్సన్‌కు. ఆ యుద్ధంలో రాత్రి యుద్ధ విమాన పైలట్ ఒక్కరికీ రాలేదు.

పతకాల్ని చేతిలో పట్టుకుని చూసేవారికి కూడా ఈ తేడా పనికొస్తుంది. అప్పటి డీఎఫ్‌సీ మీద పేరు చెక్కేవారు కాదు, శిలువ వెనక కింది కొమ్మ మీద సంవత్సరం ఒక్కటే ఉంటుంది. అప్పటి డీఎస్‌ఓ మీదా పేరుండదు. 1939-45 స్టార్, బర్మా స్టార్ వంటి బ్రిటిష్ యుద్ధ నక్షత్రాలకు పేర్లే లేవు. డీఎఫ్‌ఎం అంచు మీద మాత్రం సర్వీస్ నంబరు, హోదా, పేరు చెక్కి ఇచ్చేవారు. కాబట్టి ఆఫీసర్ పతకాల పెట్టె అసలుదా, ఎవరో తర్వాత కూర్చినదా తేల్చడం చాలా కష్టం, సార్జెంట్‌ది తేలిక. తనిఖీకి వరుస ఇది: ముందు బ్రిటన్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో ప్రకటన తేదీ, తర్వాత లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 శ్రేణిలోని స్క్వాడ్రన్ రికార్డు పుస్తకం, ఎయిర్ 50లో పోరాట నివేదికలు, చివరికి పైలట్ లాగ్‌బుక్. లాగ్‌బుక్‌లో ఆపరేటర్ పేరు ప్రతి ఎగురుడు పక్కనా ఉంటుంది, గెజెట్‌లో ఉండదు. తొలి రాత్రి పైలట్ల విషయంలో మరో గుర్తు చూడాలి. 1940 జులై 10 నుంచి అక్టోబరు 31 లోపు అర్హత ఉన్న యూనిట్‌లో ఒక్క యుద్ధ ఎగురుడు చేసినా 1939-45 స్టార్ రిబ్బన్ మీద తగిలించే బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ క్లాస్ప్ అనే పట్టీ వస్తుంది. 604 వంటి బ్లెన్‌హైమ్ స్క్వాడ్రన్‌లూ, వాటి వెనక సీట్ల మనుషులూ ఈ లెక్కలో ఉన్నారు. ఒట్టి రిబ్బన్ ధరించినప్పుడు ఆ క్లాస్ప్ బంగారు రంగు చిన్న పువ్వుగా కనిపిస్తుంది.

స్వతంత్ర భారతం 1950 జనవరి 26న పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్రలను నెలకొల్పినప్పుడు ఆఫీసరుకొకటి, జవానుకొకటి అన్న పద్ధతి పెట్టలేదు. బ్రిటన్ ఆ పని చెయ్యడానికి ఇంకో 43 ఏళ్లు పట్టింది. 1993లో డీఎఫ్‌ఎంను ఎత్తేసి డీఎఫ్‌సీని అన్ని హోదాలకూ తెరిచారు, డీఎస్‌ఓను నాయకత్వానికి పరిమితం చేశారు. పాత పతకాలను మాత్రం మార్చలేదు. కలకత్తా రాత్రి తర్వాత ప్రింగ్ ఆఫీసరయ్యాడు. 1943 డిసెంబరు 5న కిదిర్‌పూర్ రేవు మీద జరిగిన పగటి దాడిని అడ్డుకోబోయి హరికేన్‌లో చనిపోయేనాటికి అతను ఫ్లయింగ్ ఆఫీసర్. ఆ పేరు పక్కన నేటికీ ఉన్న అక్షరాలు డీఎఫ్‌ఎం.