బరంపురం నుంచి బర్మింగ్‌హామ్ దాకా వెంట వెళ్లే అపోహలు

బరంపురంలో పోషకాహార నిపుణురాలిగా నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఎవరో ఒకరు సూరత్‌లోనో, గల్ఫ్‌లోనో, ఇంగ్లండ్‌లోనో ఉంటారు. ఊరు మారినా ఆరోగ్యం గురించిన నమ్మకాలు మారవు. వాటిలో మేలు చేసేవి చాలా ఉన్నాయి. కీడు చేసేవాటి గురించే ఈ నాలుగు మాటలు.

అపోహ: సన్నగా ఉన్నవారికి షుగర్ రాదు.
వాస్తవం: దక్షిణాసియా వారిలో కాళ్లూ చేతులూ సన్నగానే ఉన్నా, కొవ్వు పొట్టలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. కండ తక్కువ. అందుకే తెల్లవారికి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 25 హద్దయితే మనకు 23. అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా మూలాల వారికి షుగర్ పరీక్షల హద్దును 23కు తగ్గించింది. 165 సెం.మీ. ఎత్తున్న మనిషికి అది సుమారు 63 కిలోలు. అంత బరువున్న కొడుకు సెలవుకు వస్తే మన ఇళ్లలో ‘చిక్కిపోయావురా’ అని ఇంకో గరిటె వడ్డిస్తారు! నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెం.మీ. లోపు ఉండాలి. ప్యాంటు సైజు నమ్మకండి, అది పొట్ట కిందికి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టి చూడండి.

అపోహ: పరాయి తిండి వల్లే ఈ రోగాలన్నీ.
వాస్తవం: చాలామంది తినేది మన వంటే. కాకపోతే ఇక్కడ పండక్కి చేసుకునే గారెలు, బూరెలు, పులిహోర అక్కడ వారం వారం ఎవరో ఒకరి ఇంట విందులో ఉంటాయి. వద్దంటే ఇంటావిడ నొచ్చుకుంటుంది. మారు వడ్డించేటప్పుడు అన్నం బదులు కూర అడగండి, ఆమెకూ తృప్తిగా ఉంటుంది.

అపోహ: ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి, కాకర రసం చాలు.
వాస్తవం: షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర కొత్తలో కడుపులో వికారం, విరేచనాలు కలిగించవచ్చు. దాన్నే వేడి అనుకుని మానేస్తారు. భోజనంతో పాటు వేసుకుంటే చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కాకర రసం తాగుతుంటే డాక్టరుకు చెప్పండి, రెండూ కలిసి షుగర్‌ను మరీ తగ్గించవచ్చు.

అపోహ: బాలింతకు నీళ్లు తగ్గించాలి.
వాస్తవం: పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, అడిగినన్ని నీళ్లు ఇవ్వాల్సిందే. వెల్లుల్లి కారం, నూనె మర్దన మానక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఉంటే ఎండ చాలదు కనుక రోజుకు 10 మైక్రోగ్రాముల డి విటమిన్ కూడా కావాలి. ఈ సంగతి నేను కోడలికి చెప్పను. పథ్యం నడిపించేది ఇక్కడి నుంచి ఫోనులో అత్తగారు కాబట్టి ఆమెనే కూర్చోబెట్టి చెబుతాను.