సమానం మీట లేని కాలిక్యులేటరు

విశాఖపట్నం.

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో నా బల్ల సొరుగులోని హెచ్‌పీ-12సి కాలిక్యులేటరును అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, దీనికి సమానం మీట ఊడిపోయిందా?" అని మీరు అడిగారు. రైలు వేళయినందున నవ్వి ఊరుకున్నాను. ఆ మీట ఊడిపోలేదు. 1981లో ఈ రకం అమ్మకానికి వచ్చిన నాటి నుంచీ దానికి ఆ మీట లేనే లేదు.

మనం "మూడును ఏడువందలతో హెచ్చించు" అంటాము కదా! సంఖ్యలు ముందు, చేయవలసిన పని చివర. ఈ యంత్రం కూడా అలాగే వింటుంది. యాన్ వుకాషేవిచ్ అనే పోలండు తర్కశాస్త్రవేత్త 1920లలో పని గుర్తును ముందే రాసి, కుండలీకరణాల అవసరం తప్పించాడు. ఆ గుర్తును చివరికి మార్చడంవల్ల దీన్ని తిరగేసిన పోలిష్ పద్ధతి అంటారు. తెలుగువాళ్ళకు మాత్రం ఇదే తిన్ననిది.

ఫిషింగ్ హార్బరులో కిలో 700 చొప్పున మూడు కిలోల వంజరం, 400 చొప్పున రెండు కిలోల రొయ్యలు కొని, ఖర్చును నాలుగిళ్ళవారు పంచుకున్నారనుకోండి. దుకాణాల్లో ఉండే చిన్న కాలిక్యులేటరులో ఇదంతా వరుసగా నొక్కుకుంటూ పోతే, అది 2,100కు 2 కలిపి, వచ్చినదాన్ని 400తో హెచ్చించి, 8,40,800 అని చూపుతుంది. నా యంత్రంలో 3 కొట్టి, నిలువుగా పొడవుగా ఉన్న ఎంటర్ మీట నొక్కి, 700 కొట్టి, హెచ్చింపు నొక్కగానే 2,100 కనబడుతుంది. అలాగే 2, ఎంటర్, 400, హెచ్చింపు నొక్కితే 800. ఇప్పుడు కూడిక నొక్కితే 2,900. ఆపైన 4 కొట్టి భాగహారం నొక్కితే ఇంటికి 725.

మరి 800 వచ్చేదాకా ఆ 2,100 ఎక్కడ ఉంది? నాలుగు గిన్నెల కారియరును తలుచుకోండి. కొత్త సంఖ్య పై గిన్నెలోకి వస్తుంది, పాతవి ఒక్కొక్క మెట్టు దిగుతాయి. పని మీట నొక్కితే పై రెండు గిన్నెలూ కలిసి ఒకటవుతాయి, కిందివి పైకి జరుగుతాయి. చిన్నతనంలో సింధియా ఓడల కర్మాగారంలో పనిచేసే మా నాన్నగారికి అటువంటి కారియరు మోసుకుపోయేవాణ్ణి. ఒకనాడు తొందరలో పెరుగు అడుగున, అన్నం పైన పెట్టి బిగించాను. ఆయన ఏమీ అనకుండా గిన్నెలన్నీ నేలమీద పరిచి, తిరిగి పేర్చి చూపించారు. మనం తొందరపడి పేర్చినదాన్ని ఆకలితో ఉన్నవారు సర్దుకోవలసి వస్తుందని ఆనాడు తెలిసింది. ఈ యంత్రంలోనైతే పై రెండింటినీ తారుమారు చేయడానికి ఒక మీటే ఉంది.

అయిదో సంఖ్య వస్తే అడుగున ఉన్నది బయటకు పోతుంది. ఇక్కడిదాకా నా కారియరు పోలిక బాగానే నడిచింది కానీ, అడుగు గిన్నె దగ్గర చేతులెత్తేసింది. ఎందుకంటే దానిలోనిది పైకి జరిగినా ఆ గిన్నె ఖాళీ కాదు, అదే సంఖ్య అక్కడ మళ్ళీ ఉంటుంది. ద్రౌపది అక్షయపాత్రను ఈ యంత్రంలో ఎవరు పెట్టారా అని నేను ఇప్పటికీ ముచ్చటపడుతుంటాను. యంత్రాన్ని ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. 2 కొట్టి, ఎంటర్ మూడుసార్లు నొక్కి, ఆ తరువాత హెచ్చింపు ఒక్కటే నొక్కుతూ పోండి. 4, 8, 16, 32 అని వస్తాయి. సంఖ్య తెరలో పట్టనంత పెద్దదయ్యేలోగా ఎన్నిసార్లు నొక్కారో లెక్కపెట్టి, నాకు రాయండి.

మీ తాతయ్య