పేర్లు మార్చితే వీలునామా అవుతుందా? అపోహలు – వాస్తవాలు

న్యూజెర్సీలో వీలునామాలు, ట్రస్టు పత్రాలు రాయడం నా వృత్తి. వేరే రాష్ట్రంలోని స్నేహితుడి వీలునామాలో పేర్లు మార్చి తెచ్చే తెలుగువారిని తరచుగా చూస్తుంటాను. పాత ఫైలు తెరిచి అదే పని చేసే యువ న్యాయవాదులూ తక్కువేమీ కాదు.

అపోహ: ఒకచోట చెల్లిన వీలునామా అమెరికా అంతటా చెల్లుతుంది.

వాస్తవం: రాసిన రాష్ట్రంలో చెల్లేదైతే చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి గానీ, మినహాయింపులు ఉన్నాయి. సాక్షులు లేకుండా స్వదస్తూరితో రాసి సంతకం చేసిన వీలునామా న్యూజెర్సీలో నిలబడగలదు. అదే వ్యక్తి ఫ్లోరిడాలో స్థిరపడి కన్నుమూస్తే, అక్కడ ఆ కాగితానికి విలువ లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న ఆప్తమిత్రుణ్ణి ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలు చేసే వ్యక్తిగా) రాసుకున్నా, అతను బంధువు కానప్పుడు, ఫ్లోరిడా నివాసి కానప్పుడు అక్కడి కోర్టు నియమించదు. లూసియానాలో నోటరీ ముందు రాసే వీలునామాకైతే చివరనే కాక ప్రతి పేజీలోనూ రాసినవారి సంతకం ఉండాలి.

అపోహ: ఫెడరల్ ఎస్టేట్ పన్ను పరిమితి దాటని ఆస్తికి పన్ను గొడవే ఉండదు.

వాస్తవం: న్యూజెర్సీ 2018లో ఎస్టేట్ పన్నును (చనిపోయినవారి మొత్తం ఆస్తిపై వేసేది) ఎత్తివేసింది, వారసత్వ పన్నును (ఆస్తి ఎవరికి చేరుతుందో దాన్నిబట్టి వేసేది) మాత్రం ఉంచుకుంది. భార్యాభర్తలకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఆ పన్ను లేదు; అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కోడళ్లు, అల్లుళ్లు మాత్రం 25,000 డాలర్లు దాటిన మొత్తంపై 11 శాతం నుంచి చెల్లించాలి. తమ్ముడికి 2,00,000 డాలర్లు రాస్తే పన్ను 19,250 డాలర్లు. వీలునామా వేరుగా చెప్పకపోతే ఆ భారం తమ్ముడిదే. అయితే నమూనాల్లో చాలావరకు "పన్నులన్నీ మిగులు ఆస్తి నుంచి చెల్లించాలి" అనే వాక్యం ముందే అచ్చయి ఉంటుంది; మిగులు ఆస్తి అంటే పేరుపేరునా రాసిచ్చినవి పోగా మిగిలేది, సాధారణంగా భార్యాపిల్లలకు చేరేది. దాన్ని అలాగే వదిలేస్తే తమ్ముడి పన్ను భార్యాపిల్లల వాటాలోంచి పోతుంది. ఇది రాసినవారి ఉద్దేశమే అయి ఉండవచ్చు, కానీ అడగకుండా ఊహించే హక్కు మనకు లేదు.

అపోహ: పవర్ ఆఫ్ అటార్నీకి (మన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి ఇచ్చే పత్రానికి) ఏ నమూనా అయినా చాలు.

వాస్తవం: "నేను అశక్తుడినైనప్పుడే అమలులోకి వస్తుంది" అనే షరతుతో 2011 అక్టోబరు 1 నుంచి రాసిన పత్రాలను ఫ్లోరిడా చట్టం గుర్తించదు. ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

అపోహ: "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అనే మొదటి వాక్యం లాంఛనమే.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. గుంటూరు జిల్లాలోని పొలానికి అక్కడి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో వీలునామా రిజిస్టర్ చేయించి, పదేళ్ల తర్వాత ఇక్కడ మరొకటి రాసిన వ్యక్తిని ఊహించుకోండి. భారతదేశంలోని స్థిరాస్తికి వారసత్వం అక్కడి చట్టం ప్రకారమే నడుస్తుంది. భారత వారసత్వ చట్టం కోరేదీ ఇద్దరు సాక్షులనే కాబట్టి, ఇక్కడ ఇద్దరి ఎదుట సంతకం చేసిన కొత్త పత్రం ఆ పాతదాన్ని రద్దు చేసిందని వాదించడానికి దాయాదులకు ఆస్కారం దొరుకుతుంది; పాతది రిజిస్టరైనంత మాత్రాన దానికి రక్షణ లేదు. అందుకే "భారతదేశంలోని స్థిరాస్తి గురించి రాసిన వీలునామా తప్ప" అని చేర్చి, ఆ దస్తావేజు నంబరు, తేదీ, కార్యాలయం పేరు అదే పేరాలో రాస్తాను. ఆ కాగితం నకలు చూడనిదే ముసాయిదా మొదలుపెట్టను.