పొలం, బస్సు, పోలీసు: ఇంగ్లండ్‌లో ఊరి కమిటీ ముందుకి ఈ మూడూ ఎలా వచ్చిపడ్డాయి

ఇంగ్లండ్ పల్లెల్లో ఇళ్ల గొడవ మళ్లీ రాజుకుంది. 2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్లానింగ్ పాలసీ మార్చి గ్రే బెల్ట్ అనే కొత్త మాట తెచ్చింది, గ్రీన్ బెల్ట్ లోపలే, అంటే పట్టణాల చుట్టూ కట్టడాలు రాకుండా కాపాడే భూమిలోనే ఉన్నా ఆ బెల్ట్ పెట్టిన ఉద్దేశాలకి పెద్దగా అక్కరకి రాని భూమి అని తేలితే అక్కడ ఇళ్లకి పర్మిషన్ ఇవ్వొచ్చని దాని సారాంశం. ఇక అప్పట్నుంచి ఊరి చివర వీధి లైటు స్తంభానికి ప్లానింగ్ నోటీసు కట్టి కనపడ్డం, ఆ వారంలోనే పారిష్ కౌన్సిల్ కమిటీ మీటింగ్‌కి కుర్చీలు సరిపోనంత జనం రావడం చాలా చోట్ల మామూలైపోయింది. పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిదే అనుకోండి, కాకపోతే దాని చేతిలో ఉన్న అధికారం ఇంకా తక్కువ.

ఆ మీటింగ్ అజెండా కాగితం ఎప్పుడైనా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. పొలంలో ఇళ్ల దరఖాస్తు ఒక్కటే ఉండదు, దాని పైన పోలీసు రిపోర్టు ఉంటుంది, కింద బస్సు టైములు మార్చారన్న ఉత్తరం ఉంటుంది. ఇవి మూడు వేరు వేరు తలనొప్పులు, ఒకే రోజు మీటింగ్ కాబట్టి ఒకచోట పెట్టారు అనుకుంటారు చాలామంది. నాకు అలా అనిపించదు, మూడిటికీ మూలం ఒకటే, అది బస్సు దగ్గర ఉంది.

1894లో పారిష్ కౌన్సిళ్లు పుట్టడం, 1947 ప్లానింగ్ చట్టం, 1955 నుంచి పట్టణాల చుట్టూ గ్రీన్ బెల్టులు గీయడం, ఇదంతా ఎక్కడైనా దొరికే కథే, వదిలేస్తున్నా. పల్లెల కథ చెప్పేవాళ్లు ఎక్కువగా 1963 బీచింగ్ రిపోర్టు దగ్గర ఆగిపోతారు, 2,363 రైల్వే స్టేషన్లు మూసేయాలని చెప్పిన రిపోర్టు అది, దెబ్బ పెద్దదే, కాదనను. కానీ రైలు పోయిన చాలా ఊళ్లకి బస్సు మిగిలింది. ఆ మిగిలిన బస్సు పునాది కదిలింది 1986 అక్టోబరు 26న, ఆదివారం.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలంటే అంతకుముందు ఎలా ఉండేదో చెప్పాలి. 1930 రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం ఏ రూట్లో బస్సు నడపాలన్నా ట్రాఫిక్ కమిషనర్ల దగ్గర ఆ రూటుకి లైసెన్సు తీసుకోవాలి, ఒకసారి లైసెన్సు వచ్చాక ఎవడు పడితే వాడు వచ్చి అదే రూట్లో పోటీకి దిగడం కుదరదు. దీనివల్ల కంపెనీలకి టౌన్లో నిండుగా వెళ్లే బస్సుల మీద నిలకడగా డబ్బులొచ్చేవి, ఆ డబ్బుతోనే చుట్టుపక్కల పల్లెలకి సగం ఖాళీగా వెళ్లే బస్సు కూడా నడిపేవాళ్లు. టౌన్ టికెట్ డబ్బులు పల్లె బస్సుకి డీజిల్ అయ్యేవి. ఎవరూ దీన్ని పెద్ద సిద్ధాంతంగా చెప్పుకోలేదు, అలా నడిచిపోయింది అంతే.

థాచర్ ప్రభుత్వంలో రవాణా మంత్రి నికొలస్ రిడ్లీకి ఇది నచ్చలేదు, పోటీ లేకపోవడం వల్లే ఖర్చులు పెరిగి జనం బస్సు మానేస్తున్నారని ఆయన వాదన. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు, 1950ల నుంచీ బస్సెక్కేవాళ్లు తగ్గుతూనే వచ్చారు, కార్లు పెరిగాయి, సబ్సిడీ పెరిగింది. దాంతో 1985 ట్రాన్స్‌పోర్ట్ చట్టం వచ్చింది, ప్రభుత్వానిదైన నేషనల్ బస్ కంపెనీని ముక్కలు చేసి అమ్మేశారు, రూటు లైసెన్సులు తీసేశారు. అప్పటి రూలు ప్రకారం ఎవరైనా 42 రోజుల ముందు రిజిస్టర్ చేసుకుంటే చాలు రూట్ మొదలుపెట్టొచ్చు, అలాగే 42 రోజుల నోటీసు ఇచ్చి ఆపేయొచ్చు కూడా. ఒక్క లండన్ని మాత్రం ఇందులోంచి తప్పించారు, అక్కడ ఏ బస్సు ఎక్కడికి వెళ్లాలో ఇవాళ్టికీ ప్రభుత్వ సంస్థే నిర్ణయిస్తుంది. ఈ చిన్న మినహాయింపు గుర్తు పెట్టుకోండి, పల్లెల వాళ్లు నలభై ఏళ్లుగా దాన్ని మర్చిపోలేదు.

పోటీ వచ్చింది, కానీ ఎక్కడొచ్చింది? లాభాలున్న టౌన్ రూట్లలో. అక్కడ ఇద్దరు ముగ్గురు కొట్టుకుంటే పల్లె బస్సుకి వెళ్లే ఆ మిగులు కరిగిపోయింది. మరి పల్లెల సంగతేంటంటే చట్టంలో ఒక దారి పెట్టారు, ఏ కంపెనీ నడపని రూట్ అవసరమే అని కౌంటీ కౌన్సిల్ అనుకుంటే టెండరు పిలిచి డబ్బిచ్చి నడిపించుకోవచ్చు. అనుకుంటే అన్న మాట దగ్గరే మొత్తం కథ ఉంది. అంతకుముందు పల్లె బస్సు ఒక నెట్‌వర్క్‌లో భాగం, ఆ తర్వాత అది కౌన్సిల్ బడ్జెట్లో ఒక లైను, డబ్బులు లేనప్పుడు మొదట కత్తెర పడేది ఇలాంటి లైన్ల మీదే. 2010 తర్వాత ప్రభుత్వం కౌన్సిళ్ల నిధులు కోసినప్పుడు సరిగ్గా అదే జరిగింది, ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ అయితే 2016లో బస్సు సబ్సిడీలన్నీ ఒకేసారి ఎత్తేసింది. విచారం ఏంటంటే 2008 నుంచి ఇంగ్లండ్ అంతటా పెద్దవాళ్లకి ఫ్రీ బస్ పాస్ ఉంది, చాలా ఊళ్లలో ఆ పాస్ పర్సులో ఉంటుంది, ఎక్కడానికి బస్సు ఉండదు.

ఇప్పుడు ఇళ్ల గొడవకి వద్దాం, ఎందుకంటే ఈ పాత నిర్ణయం ఇవాళ అక్కడ కొరుకుతోంది. గ్రే బెల్ట్ కింద కట్టాలంటే ఆ చోటు సస్టెయినబుల్ లొకేషన్ అయ్యుండాలి, అంటే ప్రతి పనికీ కారు తియ్యక్కర్లేని చోటు అని మామూలు అర్థం. నేనొక ఊళ్లో ఇలాంటి మీటింగ్‌లో వెనక వరసలో కూర్చున్నా. బిల్డర్ తరఫు కన్సల్టెంటు మ్యాప్ పరిచాడు, బస్ స్టాప్ చుట్టూ 400 మీటర్ల వృత్తం, స్థలం మొత్తం అందులోనే ఉంది, ప్లానింగ్‌లో నడిచి వెళ్లగలిగే దూరానికి అందరూ వాడే కొలత అది. ఒక పెద్దావిడ లేచి ఆ స్టాప్‌లో బస్సు రోజుకి ఎన్నిసార్లు ఆగుతుందో ఈ మ్యాపులో ఎక్కడ రాశారు బాబూ అని అడిగారు. ఆ ఊరి స్టాప్ దగ్గర టైంటేబుల్ నేను చూసే వచ్చా, ప్లాస్టిక్ కవర్లో ఉన్న కాగితం, ఎండకి అక్షరాలు పాలిపోయాయి, సగం టైముల పక్కన స్కూళ్లున్న రోజుల్లోనే అని గుర్తు ఉంది, ఆదివారం కాలమ్ అసలు లేనేలేదు. మ్యాప్ మీద వృత్తానికి ఇవేవీ కనపడవు.

ఇంకో సంగతి కూడా చాలామంది గమనించలేదు. గ్రీన్ బెల్ట్‌కి పాలసీలో ఐదు ఉద్దేశాలు రాసుంటాయి, పెద్ద పట్టణాలు అడ్డూ అదుపూ లేకుండా పాకిపోకుండా ఆపడం, పక్కపక్క పట్టణాలు కలిసిపోకుండా చూడడం, పల్లె ప్రాంతాన్ని ఆక్రమణ నుంచి కాపాడ్డం, చారిత్రక పట్టణాల పరిసరాలు నిలపడం, పట్టణం లోపలి పాత భూమినే మళ్లీ వాడేలా చెయ్యడం. గ్రే బెల్ట్ పరీక్షలో లెక్కలోకి తీసుకునేవి మూడే, మొదటిది, రెండోది, నాలుగోది. పల్లెని కాపాడ్డం అనేది ఆ పరీక్షలో లేదు. పైగా 2025 ఫిబ్రవరిలో వచ్చిన గైడెన్స్ ప్రకారం పల్లెల్ని పెద్ద కట్టడ ప్రాంతాలుగా చూడకూడదు, కలిసిపోవడం అన్నది కూడా పట్టణాలకే వర్తిస్తుంది, రెండు పల్లెలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినా ఆ లెక్కలోకి రాదు. 1926లో మొదలై పల్లెల తరఫున మాట్లాడుతున్న సీపీఆర్ఈ లాంటి సంస్థలకి ఇందుకే ఇంత కోపం.

అవతలి వాళ్ల మాట కూడా చెప్పాలి. ప్రభుత్వం 15 లక్షల ఇళ్లు కట్టిస్తానని మాటిచ్చింది, పల్లెలో పుట్టిన పిల్లలు అదే పల్లెలో ఇల్లు కొనలేకపోతున్నారన్నది నిజమే, గ్రీన్ బెల్ట్ భూమి వదిలితే అందులో అందుబాటు ధర ఇళ్ల వాటా మామూలు కంటే ఎక్కువ ఉండాలని షరతు పెట్టారు, అది మంచిదే. బిల్డర్లు పర్మిషన్ కోసం కౌన్సిల్‌తో చేసుకునే సెక్షన్ 106 ఒప్పందం కింద బస్సుకి డబ్బిస్తామని కూడా అంటారు. కానీ ఆ డబ్బు కొన్నేళ్లకే, అయిపోయాక బస్సు తన టికెట్ల మీద తను నిలబడాలి, నిలబడకపోతే నోటీసు ఇచ్చి ఆపేస్తారు, ఇళ్లు మాత్రం ఉంటాయి, ఒక్కో ఇంటి ముందు రెండేసి కార్లతో.

ఆ కార్లే పోలీసు విషయాన్ని అజెండాలోకి తెచ్చాయి. పల్లెలో పోలీసు ఇంట్లో ఉండి సైకిల్ మీద తిరిగే కానిస్టేబుల్ 1960ల చివర్నుంచే కనుమరుగవుతూ వచ్చాడు, బీట్లన్నీ కలిపేసి పాండా కార్లు అని పిలిచే చిన్న పోలీసు కార్లలో తిప్పడం మొదలుపెట్టారు. ఆ ఖాళీని కొంచెం పూడ్చింది 2002 పోలీస్ రిఫామ్ చట్టం, దానితో యూనిఫాం వేసుకుని ఊళ్లో నడిచే కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు వచ్చారు, వాళ్లకి అరెస్టు చేసే అధికారం లేదు కానీ మొహాలు గుర్తుపడతారు, ఎవరి షెడ్ తాళం విరిగిందో వాళ్లకి తెలుస్తుంది. 2010 నాటికి ఇంగ్లండ్, వేల్స్ కలిపి దాదాపు 16,900 మంది ఉండేవాళ్లు, ఇప్పుడు అందులో సగం కూడా లేరు. ఉన్నవాళ్లు టౌన్ స్టేషన్ నుంచి పదుల కొద్దీ ఊళ్లు చూసుకోవాలి. కమిటీ మీటింగ్‌కి మనిషి రాడు, ఈమెయిల్లో రిపోర్టు వస్తుంది, క్లర్కు చదివి వినిపిస్తాడు, ఎవరైనా ఏదైనా అడిగితే అత్యవసరం కాని విషయాలకి ఉండే పోలీసు నంబరు 101కి ఫోన్ చేయండి అంటాడు.

ఆ రిపోర్టుల్లో ఏముంటాయో చూస్తే పల్లె ఎంత మారిందో తెలుస్తుంది, ట్రాక్టర్ల మీద పెట్టే జీపీఎస్ పరికరాలు ఎత్తుకెళ్లడం, కుక్కలతో కుందేళ్ల వేటకి కార్లేసుకుని పొలాల్లో పడడం, రాత్రికి రాత్రి లోడు చెత్త తెచ్చి రైతు గేటు దగ్గర పారబోయడం. ప్రైవేటు భూమిలో పోసిన చెత్త ఎత్తించే ఖర్చు ఆ భూమి యజమానిదే, పోసినవాడు దొరికితే తప్ప. ఇక రోడ్డు మీద స్పీడు ఆపే బాధ్యత కూడా ఊరి మీదే పడింది, రిటైరైన వాళ్లు పసుపు జాకెట్లు వేసుకుని స్పీడ్ గన్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు, నంబర్లు రాసి పంపిస్తారు, పోలీసులు ఆ డ్రైవర్‌కి ఒక ఉత్తరం రాస్తారు. దాని మీద ఫైన్ పడదు. చలికాలం పొద్దున్నే ఏడున్నరకి అలా నిలబడ్డ డెబ్బై ఏళ్ల మనిషిని చూస్తే నాకు ఆయన మీద గౌరవం, ఆ పని ఆయన నెత్తిన పెట్టినవాళ్ల మీద కోపం రెండూ వచ్చాయి.

ఇంత పనీ పారిష్ కమిటీ దగ్గరికి ఎందుకు వచ్చిందంటే దానికో చట్టం ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. 1997 మార్చిలో, జాన్ మేజర్ ప్రభుత్వం దిగిపోవడానికి కొద్ది వారాల ముందు, లోకల్ గవర్నమెంట్ అండ్ రేటింగ్ చట్టం వచ్చింది. పారిష్ కౌన్సిళ్లు కావాలంటే ఊరి బస్సుకి డబ్బు పెట్టుకోవచ్చు, టాక్సీ ఛార్జీల్లో రాయితీ ఇవ్వొచ్చు, రోడ్ల మీద స్పీడు తగ్గించే పనులకి తన వంతు ఇవ్వొచ్చు, నేరాలు ఆపడానికి ఖర్చు పెట్టొచ్చు. రవాణా, పోలీసింగ్ ఒకే కమిటీ ముందు కనపడ్డానికి కారణం అదే. అధికారం ఇచ్చారు కానీ దాంతోపాటు నిధులు ఇవ్వలేదు, కావాలంటే ఊళ్లోవాళ్ల కౌన్సిల్ టాక్స్‌లో ప్రిసెప్ట్ అనే తమ వాటా పెంచుకోవాలి. పైవాళ్లు వదిలేసినదాన్ని ఊరు రెండోసారి డబ్బు కట్టి నిలబెట్టుకోవాలన్నమాట, నాకైతే ఇది అన్యాయంగానే కనపడుతుంది.

ఇప్పుడు పైన మొత్తం కదులుతోంది కాబట్టి గొడవ ఇంకా వేడెక్కింది. 2024 డిసెంబరులో ప్రభుత్వం విడుదల చేసిన వైట్ పేపర్, అంటే విధాన పత్రం ప్రకారం జిల్లా కౌన్సిళ్లు పోయి సుమారు 5 లక్షల జనాభాకి ఒక పెద్ద కౌన్సిల్ వస్తుంది, అంటే పొలం చూసి ఓటేసే ప్లానింగ్ కమిటీ ఊరికి ఇంకా దూరమవుతుంది. 2012లో కేవలం 15 శాతం పోలింగ్‌తో మొదలైన, జనం ఓటేసి ఎన్నుకునే పోలీస్ కమిషనర్ల పదవి 2028 మేలో రద్దవుతుందని చెప్పేశారు, ఆ పని మేయర్లకో కొత్త బోర్డులకో వెళ్తుంది. బస్సుల విషయంలో మాత్రం చక్రం కొంచెం వెనక్కి తిరిగింది, మాంచెస్టర్ ప్రాంతం 2023 నుంచి 2025 జనవరి లోపు బస్సులన్నీ మళ్లీ తన చేతిలోకి తీసుకుంది, 2025 బస్ సర్వీసెస్ చట్టం అదే దారి మిగతా ప్రాంతాలకీ తెరిచింది, కౌన్సిళ్లు కొత్తగా సొంత బస్ కంపెనీ పెట్టకూడదని 2017లో పెట్టిన నిషేధం ఎత్తేసింది, సామాజికంగా అవసరమైన రూట్లని గుర్తించి జాబితాలో పెట్టాలంది. లండన్‌కి 1986లో దక్కింది పల్లెలకి కాగితం మీద దక్కడానికి ఇన్నేళ్లు పట్టింది.

నేను కూర్చున్న ఆ మీటింగ్‌లో ప్రతి మనిషికీ మాట్లాడ్డానికి మూడు నిమిషాలు ఇచ్చారు. పారిష్ తన అభిప్రాయం పంపడానికి 21 రోజులు టైముంటుంది, అందులో అప్పటికే పది రోజులు అయిపోయాయి, పైగా ఆ అభిప్రాయాన్ని పైవాళ్లు పాటించి తీరాలన్న రూలు కూడా లేదు. చివరికి కమిటీ అభ్యంతరం రాయాలనే తీర్మానించింది, కానీ కింద ఒక షరతు చేర్చమని పట్టుబట్టింది ఆ పెద్దావిడే, ఒకవేళ పర్మిషన్ ఇచ్చేట్టయితే మొదటి ఇంట్లో మనుషులు దిగకముందే గంటకో బస్సు నడుస్తూ ఉండాలి, ఆదివారంతో సహా. క్లర్కు ఆ వాక్యం రెండుసార్లు చదివి వినిపించి రాసుకున్నాడు, తర్వాత అజెండాలో పోలీసు రిపోర్టు తీశారు.